చచ్చిన ఈగ నిద్రపోదు

పీహెచ్‌డీలో నేను చేస్తున్నది ఈగల నిద్ర మీద పరిశోధన అని మొదటిసారి ఇంట్లో చెప్పినప్పుడు మా బాబాయి చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టి, "అంటే గవర్నమెంటు నెలకు పాతికవేలిచ్చి నీచేత ఈగలు తోలిస్తోందన్నమాట" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆరేళ్ల తర్వాత ఆ ఈగల్ని వదిలేసి డేటా సైన్స్ ఉద్యోగంలో చేరుతున్నానని చెబితే అదే బాబాయి, "మరి ఆ ఆరేళ్లూ ఏమైనట్టే?" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ ప్రశ్న బాబాయి ఒక్కడిదే కాదు. ల్యాబ్ వదిలి డేటా వైపు వచ్చిన ప్రతి బయాలజీ మనిషినీ ఎవరో ఒకరు అడుగుతారు. ఎవరూ అడక్కపోతే అర్ధరాత్రి మనల్ని మనమే అడుక్కుంటాం. దీనికి రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. ఒకటి, ఆరేళ్లూ బూడిదలో పోసిన పన్నీరు అని. రెండోది లింక్డిన్‌లో రోజూ కనిపించేది: ఏ అనుభవమూ వృథా పోదు, ఓపిక నేర్చుకున్నాను, టీమ్‌వర్క్ నేర్చుకున్నాను, ఇలా. మొదటిది అబద్ధం. రెండోది ఇంకా పెద్ద అబద్ధం. ఓపిక నేర్చుకోవడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు, రేషన్ షాపు ముందు రెండు గంటలు నిలబడితే చాలు.

నా వాదన వేరు. ల్యాబ్ నాకిచ్చింది ఒకే ఒక్కటి: ఏ అంకె కనిపించినా అది పుట్టిన చోటికి వెళ్లి చూసొస్తేగానీ తీరని దురద. డేటా సైన్స్‌లో ఆ దురదకు మంచి ధర ఉంది. విచిత్రం ఏమిటంటే, బయాలజీ నుంచి వచ్చేవాళ్లం సరిగ్గా దాన్నే రెజ్యుమేలోంచి తుడిచేసి, డబ్బులు పోసి కొన్న సర్టిఫికెట్లను ఆ చోట అతికిస్తున్నాం.

ఇదంతా అర్థం కావాలంటే కాసేపు ఈగల దగ్గర కూర్చోవాలి. అన్నం మీద వాలే ఈగలు కావు. మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే నువ్వుగింజంత ఈగలు, డ్రోసోఫిలా. మొక్కజొన్న పిండి, పంచదార, ఈస్టు, అగార్ కలిపి ఉడకబెట్టి చిన్న వయల్స్‌లో పోస్తే అదే వాటి ఇల్లు, అదే తిండి. 25 డిగ్రీల దగ్గర గుడ్డు ఈగ కావడానికి సుమారు 10 రోజులు పడుతుంది. ఆడ ఈగ బయటికొచ్చిన ఎనిమిది గంటల్లోపు దాన్ని వేరు చేయాలి, లేకపోతే అక్కడే జత కట్టేస్తుంది, మనం ఎంచి కలపాలనుకున్న జత, అంటే మన క్రాస్, పాడవుతుంది. దీన్నే ల్యాబుల్లో వర్జిన్స్ కలెక్ట్ చేయడం అంటారు. దీనికి ఆదివారం లేదు, దసరా లేదు. ఒక సంక్రాంతికి ఊరెళ్లడం కోసం వయల్స్‌ని 18 డిగ్రీల ఇంక్యుబేటర్‌లోకి మార్చి, ఈగల ఎదుగుదలను నెమ్మదింపజేసి, భోగి ఒక్కటి చూసుకుని తిరుగు బస్సెక్కాను.

ఈగలకు నిద్రేమిటి అనుకోకండి. రోజు లయను నడిపే పీరియడ్ అనే జన్యువును రోనాల్డ్ కొనోప్కా, సైమూర్ బెంజర్ 1971లో పట్టుకున్నది ఈ ఈగల్లోనే. ఆ దారిలో పనిచేసిన ముగ్గురికి 2017లో వైద్య నోబెల్ వచ్చింది. ఈగలది నిజంగా నిద్రే అని 2000లో రెండు బృందాలు విడివిడిగా చూపించాయి. దాన్ని కొలిచే యంత్రం చాలా సాదా. సన్నటి గాజు గొట్టంలో ఒక ఈగ, ఒక చివర తిండి, రెండో చివర దూది, నడుమ ఒక ఇన్‌ఫ్రారెడ్ కిరణం. ఈగ ఆ కిరణాన్ని దాటినప్పుడల్లా ఒకటి పడుతుంది. మానిటర్‌కు 32 గొట్టాలు, గొట్టానికి నిమిషానికో అంకె. అంటే ఒక్క మానిటర్ ఒక్క రోజులో 46,080 అంకెలు కక్కుతుంది. వరసగా ఐదు నిమిషాలు సున్నా పడితే ఈగ నిద్రపోయినట్టు లెక్క.

రెండో ఏడాదిలో నా మ్యూటెంట్ ఈగలు, అంటే జన్యువు మారినవి, మామూలు ఈగల కంటే రోజుకు సుమారు మూడు గంటలు ఎక్కువ నిద్రపోతున్నాయని గ్రాఫ్ వచ్చింది. అసలు తేడా లేకపోయినా ఇంత తేడా కనిపించే అవకాశమెంతో చెప్పే పీ వాల్యూలో దశాంశ బిందువు తర్వాత సున్నాలు లెక్కపెట్టుకుని మురిసిపోయాను. మా గైడ్ అందరికీ టీ తెప్పించారు. ఆయన టీ తెప్పించడం అంటే మామూలు విషయం కాదు. మర్నాడు గొట్టాలు కడగడానికి తీస్తుంటే ఆ బ్యాచ్‌లో తిండి వైపు మైనం సరిగ్గా పట్టలేదని తెలిసింది. తిండి ఎండిపోయింది. 32 ఈగల్లో తొమ్మిది చచ్చిపోయి ఉన్నాయి.

చచ్చిన ఈగ కిరణాన్ని దాటదు. దాటకపోతే సున్నా. సున్నా ఐదు నిమిషాలుంటే నిద్ర. నా ప్రోగ్రామ్ లెక్కలో ఆ తొమ్మిదీ ఇరవైనాలుగు గంటలూ హాయిగా గుర్రుపెడుతున్నాయి.

చచ్చినవాటిని ముందే ఏరేయాలన్నది ఆ రంగంలో అందరికీ తెలిసిన సంగతే. నేను సీనియర్ రాసిన స్క్రిప్టును తెరిచి చూడకుండా వాడాను, ఆ స్క్రిప్టులో ఆ లైను లేదు, అంతే. తొమ్మిదింటినీ తీసేసి మళ్లీ లెక్క కడితే మూడు గంటల తేడా కాస్తా పదిహేను నిమిషాలైంది. టీ తాగినవాళ్లందరికీ ఆ గ్రాఫ్ చూపించాల్సిన బాధ్యత నా మీదే పడింది. సున్నాకు రెండు అర్థాలుంటాయని ఆ వారం నా ఒంటికి పట్టింది. ఏమీ జరగలేదు అన్నది ఒకటి, జరగడానికి అక్కడ ఎవరూ లేరు అన్నది ఇంకొకటి.

ఇక లెక్కల భయం గురించి. మన దగ్గర పదో తరగతి అవగానే పిల్లల్ని రెండు దొడ్లలోకి తోలతారు, ఎంపీసీ, బైపీసీ అని. బైపీసీలో చేరిన రోజు లెక్కల పుస్తకం పక్కింటివాళ్లకు ఇచ్చేసి పీడ వదిలిందనుకున్న లక్షల మందిలో నేనొకదాన్ని. పదహారేళ్ల వయసులో తీసుకున్న ఆ నిర్ణయం ముప్పై ఏళ్లకు కూడా మనల్ని భయపెడుతూనే ఉంటుంది. "మాది బైపీసీ, మాకు కోడింగ్ రాదు" అని పీహెచ్‌డీలు చేసినవాళ్లు అనడం నేను ఎన్నిసార్లు విన్నానో. నేను ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నది ఉత్సాహంతో కాదు. ఎక్సెల్‌లో ఒక షీటుకు 10,48,576 వరుసలే పడతాయి, నా ఈగలు దాన్ని దాటిపోయాయి. అవసరం వచ్చాక భయం ఎక్కువసేపు నిలబడలేదు. వేరియన్స్ అంటే ఏమిటో ఫార్ములాలో చూసినప్పుడు ఎక్కలేదు, ఒకే తల్లి పిల్లలైన 32 ఈగలు 32 రకాలుగా నిద్రపోవడం చూశాక ఎక్కింది.

అసలు ఈ లెక్కలు మనవి కావు అని బయాలజీ వాళ్లం అనుకోవడమే పెద్ద తమాషా. 2021 మొదట్లో హబ్సిగూడలోని నా రూము నుంచి మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగి, బోర్డుల అడవిలోంచి దారి చేసుకుంటూ ఒక డేటా సైన్స్ కోచింగ్‌లో చేరాను. ఫీజు నలభై అయిదు వేలు. మొదటి క్లాసులో సారు స్క్రీన్ మీద ఒక టేబుల్ చూపించి, "ఇది ఐరిస్ డేటాసెట్, 150 రోలు, నాలుగు ఫీచర్లు, మూడు క్లాసులు. ఎక్కడిది అని ఆలోచించకండి, ప్రాక్టీసుకు అందరూ వాడతారు" అన్నాడు. నాకు కుర్చీలో కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. ఐరిస్ ఒక పువ్వు. ఆ మూడు క్లాసులు మూడు జాతులు. వాటి కొలతలు తీసుకున్నవాడు ఎడ్గార్ ఆండర్సన్ అనే వృక్షశాస్త్రవేత్త. మూడింట్లో రెండు జాతుల పూలను కెనడాలోని గాస్పే ద్వీపకల్పంలో ఒకే బీడులో, ఒకే రోజు కోసి, ఒకే మనిషి, ఒకే పరికరంతో కొలిచాడు. ఎందుకలా? రోజు మారినా, చెయ్యి మారినా వచ్చే తేడా జాతుల తేడాలో కలిసిపోకూడదని. ఆ డేటాసెట్‌లో నేర్చుకోవాల్సిన అసలు పాఠం అది. ఎక్కడిది అని ఆలోచించకండి అంటూ సారు వదిలేసింది దాన్నే.

ఆ కొలతల మీద 1936లో పేపరు రాసినవాడు రోనాల్డ్ ఫిషర్. ఇంగ్లండ్‌లోని రాథమ్‌స్టెడ్ వ్యవసాయ క్షేత్రంలో ఎరువుల ప్రయోగాలతో కుస్తీ పడుతూ నేటి గణాంకశాస్త్రానికి సగం పునాదులు వేసినవాడు. ఆ పేపరు అచ్చయిన పత్రిక పేరులోనే యూజెనిక్స్, అంటే మేలుజాతి మనుషుల్నే పెంచాలనే సిద్ధాంతం, ఉంది. ఈ వంశవృక్షంలో గర్వపడటానికి ఎంత ఉందో సిగ్గుపడటానికీ అంత ఉంది, అదీ చెప్పుకోవాలి. మన దేశంలో గణాంకశాస్త్రవేత్త మహలనోబిస్ పేరు మీద, గుంపుల మధ్య దూరం లెక్కగట్టే మహలనోబిస్ డిస్టెన్స్ అని ఈరోజు చాలా మెషీన్ లెర్నింగ్ లైబ్రరీల్లో ఉండేది కలకత్తాలో ఆనన్‌డేల్ అనే జంతుశాస్త్రవేత్త సేకరించిన మనుషుల శరీర కొలతలతో మొదలైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో ఎం.ఏ. చేసిన గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు కేంబ్రిడ్జ్ వెళ్లి మొదట చేసిన పనేమిటి? సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతల విశ్లేషణ. అక్కడే ఫిషర్ దగ్గర డాక్టరేట్ తీసుకున్నారు. ఎముకలు, పూలు, చేలు. డేటా సైన్స్ పుట్టిల్లు ఇది. మనం అక్కడికి వలస కూలీల్లా వెళ్లడం దేనికో నాకు అర్థం కాదు.

మూడో వారానికి ఆ కోచింగ్ మానేశాను. డబ్బులు తిరిగి రాలేదు. వాళ్లు నేర్పింది తప్పని కాదు. మోడల్‌ను నాలుగు లైన్లలో ఫిట్ చేయడం వాళ్లు చక్కగానే చెప్పారు. కానీ ఆ నాలుగు లైన్లు అరుదైన వస్తువేమీ కాదు. అప్పటికే కాదు, ఇప్పుడు ఏఐని అడిగితే నిమిషంలో రాసి పెడుతోంది కాబట్టి అసలే కాదు.

అయితే ఇంతవరకు చదివి బయాలజీ వాళ్లు ఛాతీ విరుచుకుంటే అది నా తప్పవుతుంది. నా మొదటి ఇంటర్వ్యూ సంగతి వినండి. అవతలి అబ్బాయి వయసు నాకంటే అయిదేళ్లు తక్కువ ఉంటుంది. "ఎస్‌క్యూఎల్‌లో లెఫ్ట్ జాయిన్ చేస్తే మ్యాచ్ కాని రోలో ఏమొస్తుందండీ?" అని అడిగాడు. ఎస్‌క్యూఎల్ అంటే డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష, లెఫ్ట్ జాయిన్ అంటే మొదటి టేబుల్ వరుసలన్నీ ఉంచి రెండో టేబుల్‌ను దానికి కలపడం. "సున్నా" అన్నాను. అతను మర్యాదగా తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాడు. జవాబు నల్. సున్నా కాదు, ఖాళీ కాదు, "ఇక్కడ విలువ లేదు" అని చెప్పే వేరే గుర్తు. అంటే తొమ్మిది ఈగల్ని చంపుకుని, టీ ఖర్చు పెట్టించి నేను నేర్చుకున్న సంగతికి డేటాబేస్‌లు చేసేవాళ్లు ఎప్పుడో ఒక పేరు పెట్టి వాడుకుంటున్నారు. నాకు విషయం తెలుసు, వాళ్ల భాష తెలియదు. భాష తెలియనివాడికి ఉద్యోగం ఇవ్వకపోవడం అన్యాయమేమీ కాదు.

మనకు లేనివి ఇంకా ఉన్నాయి. నా థీసిస్ ఫోల్డర్‌లో 'ఫైనల్', 'ఫైనల్ 2', 'నిజంగా ఫైనల్' అని మూడు స్క్రిప్టులుండేవి. ఫైళ్లలో చేసిన ప్రతి మార్పునూ వరసగా దాచిపెట్టే గిట్ అంటే ఏమిటో ఉద్యోగంలో చేరాక తెలిసింది. చేరిన కొత్తలో ఒక ప్రశ్నకు మూడు వారాలు తీసుకుని, అన్ని కోణాల్లోంచి పరీక్షించి, పన్నెండు పేజీల రిపోర్టు ఇచ్చాను. మా మేనేజర్ గారు మొదటి పేజీ చూసి, "మేడమ్, ఆఫర్ పెట్టాలా వద్దా, గురువారానికి అది చెప్పుంటే చాలు" అన్నారు. గురువారం దాటి పది రోజులైంది. ల్యాబ్‌లో తప్పు చెప్పడం కంటే ఆలస్యంగా చెప్పడం నయం. కంపెనీలో కొన్ని ప్రశ్నలకు అది తలకిందులవుతుంది, తప్పయితే వచ్చే వారం దిద్దుకోవచ్చు, ఆలస్యమైతే ఆ వారం పోయినట్టే. ఏ ప్రశ్న ఏ రకమో పసిగట్టడానికి నాకు ఏడాది పట్టింది.

మేం పనిచేసేది నెలనెలా మందులు ఇంటికి పంపే కంపెనీలో. చేరిన ఎనిమిదో నెలలో ఒక మీటింగ్‌లో ఎవరో స్లైడ్ చూపించారు: గత 90 రోజుల్లో ఫిర్యాదులు సున్నా ఉన్న కస్టమర్లు 'సంతృప్తి' గుంపు, ఆ గుంపు ప్రతి నెలా పెరుగుతోంది. గదిలో అందరి ముఖాలూ వెలిగాయి. నాకు వీపు మీద చీమ పాకినట్టయింది. ఆ గుంపులోంచి యాభై మందిని తీసి ఒక్కొక్కరి వరుసా చదువుతానని అడిగాను. కొందరు నిజంగానే సంతోషంగా ఉన్నారు. కొందరు ఆర్డర్లు మానేసి నాలుగు నెలలైంది, మనతో పనే లేనివాళ్లు ఇంక ఫిర్యాదు ఏం చేస్తారు? మిగిలినవాళ్ల ఫోన్ నంబర్లు కాల్ సెంటర్ వాళ్ల టేబుల్‌తో కలవలేదు. జాయిన్‌లో నల్ వచ్చింది, చార్టు అందంగా రావాలని ఎవరో నల్ ఉన్నచోటల్లా సున్నా నింపారు.

తర్వాత ఒక మధ్యాహ్నం ఉప్పల్‌లోని కాల్ సెంటర్‌కు వెళ్లి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. అక్కడి అమ్మాయిలకు కాల్ ముగిశాక కారణం నమోదు చేయడానికి దొరికేది కొన్ని సెకన్లు. లిస్టులో మొదట ఏముంటే అది నొక్కి తర్వాతి కాల్ తీసుకుంటున్నారు. మొదట ఉన్నది 'ఇతరములు'. మా డేటాలో 'ఇతరములు' ఎందుకంత ఎక్కువో తెలుసుకోవడానికి రెండు నెలలుగా టెక్స్ట్ మోడల్స్ నడుపుతున్నారు. ఉప్పల్ దాకా వెళ్లొస్తే తేలిపోయింది. ఈ తనిఖీకి మా టీమ్‌లో ఇప్పుడు 'చచ్చిన ఈగల చెక్' అనే పేరు స్థిరపడింది. కొత్తగా చేరినవాళ్లు ఆ పేరెందుకో అడిగితే పాతవాళ్లే కథ చెబుతారు, నా కంటే కొంచెం మసాలా ఎక్కువ వేసి.

ఇది నా ఒక్కదాని అనుభవమైతే ఇంత పొడవున రాయను. 2018లో ఎక్స్‌రేలు చూసి న్యుమోనియా పట్టే మోడల్ మీద ఒక అధ్యయనం వచ్చింది. ఆ మోడల్ తను నేర్చుకున్న ఆసుపత్రుల్లో చేసినంత బాగా కొత్త ఆసుపత్రిలో చేయలేదు. తవ్వి చూస్తే అలాంటి మోడల్ బొమ్మను చూసి అది ఏ ఆసుపత్రిలో తీసిందో దాదాపు తప్పు లేకుండా చెప్పగలుగుతోంది. జబ్బు ఎక్కువుండే ఆసుపత్రి ఏదో తెలిస్తే సగం జవాబు దొరికినట్టే కదా. కొలిచిన చోటు, కొలిచిన రోజు తెచ్చిపెట్టే ఇలాంటి తేడాను ల్యాబ్‌లో బ్యాచ్ ఎఫెక్ట్ అంటాం. పోల్చి చూసే మామూలు ఈగల్ని, అంటే కంట్రోల్స్‌ని, పై అరలో, మ్యూటెంట్లు కింది అరలో పెట్టి చీవాట్లు తిన్న ఏ ఎమ్మెస్సీ పిల్లనడిగినా మొదట అదే అనుమానిస్తుంది.

మన బయాలజీ వాళ్లూ తక్కువ తినలేదులెండి. సెప్ట్2 అనే జన్యువు పేరును ఎక్సెల్ సెప్టెంబరు 2వ తేదీగా మార్చేస్తుంటే ఏళ్ల తరబడి అలాగే పేపర్లతో పాటు అచ్చేశారు. ఎక్సెల్‌లో జన్యువుల జాబితాలు జతచేసిన పేపర్లలో సుమారు అయిదో వంతులో ఈ రకం తప్పులున్నాయని 2016లో లెక్క తేల్చారు. చివరికి 2020లో జన్యువుల పేర్లే మార్చుకోవాల్సి వచ్చింది. దురద అందరికీ ఉంటుందని నేననడం లేదు. ఒకసారి కాలినవాళ్లకు ఉంటుంది.

మరి ఇంత ప్రేమ ఉంటే ల్యాబ్ ఎందుకు వదిలావు అని అడగొచ్చు. డబ్బు. ఈ మాట నేరుగా చెప్పడానికి ఎవరూ ఇష్టపడరు, 'కొత్త సవాళ్ల కోసం' అంటారు. నేను చేరినప్పుడు జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధక విద్యార్థికిచ్చే నెల ఫెలోషిప్, 25,000. అది 2019లో 31,000, 2023 నుంచి 37,000 అయింది. ఒంటరిగా హాస్టల్లో ఉండే పాతికేళ్ల మనిషికి సరిపోతుంది. ఇంట్లో అమ్మ మోకాళ్ల ఆపరేషన్ ఉన్న ముప్పై ఏళ్ల మనిషికి సరిపోదు, అదీ చేతికి వస్తే. నాకు ఒకసారి వరసగా ఏడు నెలలు రాలేదు. ఎవరు ఇవ్వలేదో పేరు చెప్పను. ఆ ఏడు నెలలూ మెస్ బిల్లు తమ్ముడు కట్టాడు, వాడు అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు. తర్వాత పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, ఆ తర్వాత ఇంకొకటి, నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు. ఫ్యాకల్టీ పోస్టు వచ్చేనాటికి నలభై దగ్గర పడొచ్చు, రాకపోనూ వచ్చు. సైన్స్ మీద ప్రేమ ఉంటే ఇవన్నీ భరించాలి అని చెప్పేవాళ్లలో నెల జీతం ఆగినవాళ్లను నేనింకా చూడలేదు.

పోగొట్టుకున్నదీ ఉంది. ల్యాబ్‌లో ప్రశ్న నాది. జవాబు తెలిసిన క్షణంలో, ఎంత చిన్నదైనా, భూమ్మీద అది తెలిసిన ఒకే ఒక్క మనిషిని నేను. రాత్రి రెండింటికి ఇంక్యుబేటర్ గదిలో అలా రెండుసార్లు జరిగింది. కంపెనీలో ప్రశ్న ఎవరిదో, జవాబు స్లైడ్‌లోకి పోతుంది, మూడు నెలల తర్వాత ప్రాజెక్టే ఉండదు. ఈ లోటు జీతంతో పూడదు. ఆ రెండు రాత్రుల కోసం బతకగలిగినవాళ్లు, బతకడానికి ఇంట్లో వీలున్నవాళ్లు, రావద్దు. వాళ్లు అక్కడ ఉండాలి. ప్రోటీన్ల ఆకారాలు చెప్పే ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ మోడల్‌ను తయారుచేసినవాళ్లకు 2024లో నోబెల్ వచ్చింది. ఆ మోడల్ నేర్చుకున్నది 1971లో మొదలైన ప్రోటీన్ డేటా బ్యాంక్ నుంచి. ఒక్కో ఆకారం వెనక ఎవరో ఒకరి ఏళ్ల తరబడి బెంచ్ పని ఉంది. అందరూ నాలాగా దిగొచ్చేస్తే రేపటి మోడళ్లకు తిండి ఎవరు వండుతారు?

రావాలనే నిర్ణయించుకున్నవాళ్లకు నేను చెప్పేది కొంచెమే. ఎస్‌క్యూఎల్ ముందు నేర్చుకోండి, రెండు నెలలు గట్టిగా. పైథాన్ తర్వాత. టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతికారో చెప్పే 891 వరుసల ప్రాజెక్టును రెజ్యుమేలో పెట్టకండి, అది ప్రతి ఒక్కరి దగ్గరా ఉంది. మీ ఈగలు, మీ చేపలు, మీ వరి మొక్కల డేటానే పెట్టండి. అందులో మీరు పట్టుకున్న మీ తప్పు ఒకటి రాయండి. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న ఆవిడ ఇంటర్వ్యూలో నా పబ్లికేషన్ల గురించి ఒక్క ముక్క అడగలేదు. తొమ్మిది ఈగల కథ మాత్రం రెండుసార్లు చెప్పించుకుంది.

మొన్న పాత ల్యాబ్ నుంచి ఒక జూనియర్ మెసేజ్ పెట్టాడు. "అక్కా, నీ మాట వినాల్సింది. నిన్ననే కోచింగ్‌కు అరవై వేలు కట్టేశాను. ఇప్పుడేం చేయను?" ముందు రీఫండ్ అడగమన్నాను. ఇవ్వకపోతే ఎస్‌క్యూఎల్ చెప్పే వారాలు మాత్రం మానకుండా వెళ్లమన్నాను. ఐరిస్ క్లాసు రోజున చెయ్యెత్తి, ఆ పూలు ఎవరు కోశారు సార్ అని అడగమన్నాను. అడిగాడో లేదో ఇంకా చెప్పలేదు.